రాతి విద్వాంసుల మంటపం

పొద్దు నడినెత్తి దాటి బారెడు దిగింది. రేచన అడవి అంచుకు వచ్చి చూసేసరికి ఎదురుగా మొసళ్ళ మడుగు, దాని అవతల నల్లరాతి కోట కనిపించాయి. ఆ కోటలో అతని అక్క కామసాని ఏడు రోజులుగా ఆడుతూ ఉంది. ముచ్చటపడి ఆడుతున్నది కాదు. ధూమకంఠుడనే మాంత్రికుడు వర్తకుడి వేషంలో హేమకూట ఆస్థానానికి వచ్చి, కొలువులో నాట్యమాడే కామసానికి వెండిగజ్జెలు కానుక ఇచ్చాడు. ఆమె సంతోషంగా కట్టుకుంది. కట్టుకున్న క్షణం నుంచీ కాళ్ళు ఆమెవి కాకుండా పోయాయి. సభలోంచి, వీధిలోంచి, ఊరు దాటి అడవిలోకి ఆడుకుంటూనే వెళ్ళిపోయింది. ఏడో రోజు పొద్దు గుంకే వేళకు ఇంకా ఆడుతూనే ఉంటే ఆమె ప్రాణం మాంత్రికుడి ఆయుష్షులో కలిసిపోతుంది. ఆ ఏడో రోజు ఇదే.

రేచన రాజకుమారుడు కాడు, విద్వాంసుడూ కాడు. పొన్నేటి దీవిలో పడవ నడుపుకుంటూ, పడవ ముందుభాగాన కూర్చుని తెడ్లవాళ్ళకు మద్దెల కొట్టే మనిషి. అయితే ధూమకంఠుడి కోటలోకి బిరుదున్న విద్వాంసులకే ప్రవేశం. అందుకని హేమకూటం పెద్ద విద్వాంసుడి దగ్గర జరీశాలువా, బంగారు కంకణం అడిగి తెచ్చుకుని వేసుకున్నాడు. ఆ పెద్దమనిషి అడిగీ అడగకముందే తీసి ఇచ్చేశాడు. తాను వెళ్ళనక్కరలేదంటే కట్టుకున్న పంచె కూడా ఇచ్చేవాడేమో.

మడుగులో రెండు వరసలుగా రాతిపలకలున్నాయి. ఒక వరస తేలితే రెండోది మునుగుతుంది. రేచన కాసేపు గట్టునే నిలబడి చూశాడు. ఎడమవరస తకిట అన్నంతసేపు తేలుతోంది, కుడివరస తకధిమి అన్నంతసేపు. మూడూ నాలుగూ కలిస్తే ఏడు. సంగీతం తెలిసినవాళ్ళు దాన్నే మిశ్రజాతి అంటారు. అందరిలా సమానంగా అడుగులేస్తూ పోయినవాళ్ళ ఎముకలు అవతలిగట్టు దాకా తెల్లగా మెరుస్తున్నాయి.

అతను ఎడమపలక మీదికి దూకి మూడు లెక్కపెట్టాడు. కుడిపలక మీదికి దూకి నాలుగు లెక్కపెట్టాడు. కాలికింద నీళ్ళు కదిలినా, పక్కన నోళ్ళు తెరుచుకున్నా లెక్క వదల్లేదు. చివరిపలక మీదినుంచి దూకుతుండగా ఒక మొసలి శాలువా చెంగు పట్టుకుంది. జరీ మొసలికి, మనిషి గట్టుకు దక్కారు.

కోటగుమ్మం దగ్గర డంకిణి అనే రాక్షసి కూర్చుని ఉంది. కూర్చుంటేనే గుమ్మమంత ఎత్తు. తల నిండా పీచులాంటి జుట్టు, ఒకే ఒక్క కన్ను, ఆ కంట్లో ఎన్నాళ్ళదో తీరని ఆకలి. నిజమైన విద్వాంసులు మాంత్రికుడి పాలు, దొంగ విద్వాంసులు ఆమె పాలు అని వాళ్ళలో ఏర్పాటు. అందుకే పరీక్ష చాలా శ్రద్ధగా చేస్తుంది. తాళాల జాతులు ఐదూ చెప్పమంది. రేచన తడుముకోకుండా చెప్పాడు. మూడుకు తిశ్రం, తకిట. నాలుగుకు చతురశ్రం, తకధిమి. ఐదుకు ఖండం, తకతకిట. ఏడుకు మిశ్రం, తకిటతకధిమి. తొమ్మిదికి సంకీర్ణం, తకధిమితకతకిట.

తర్వాత చేత్తో తాళం వేసి చూపమంది. రేచన అరచేత్తో ఒక దెబ్బ వేసి, వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అక్కడే పప్పులో కాలేశాడు. ఆస్థానాలలో లెక్క చిటికెనవేలితో మొదలవుతుంది. దీవిలో చూపుడువేలితో మొదలవుతుంది, ఎందుకంటే మిగతా వేళ్ళతో తెడ్డు పట్టుకుని ఉంటారు. పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు శాలువా కప్పుకున్నంత మాత్రాన పోదు కదా.

డంకిణి కన్ను చింతనిప్పులా అయింది. "చిటికెనవేలు వదిలేశావేం? నువ్వు ఆస్థానం వాడివి కావు" అంది.

"మడుగులో మొసలి కొరికింది అవ్వా. వేలు ముడుచుకోవడం లేదు" అన్నాడు రేచన, చిరిగిన శాలువా చూపిస్తూ.

ఆమె నమ్మలేదు. అతని కుడిచేతి చిటికెనవేలు పట్టుకుని నొక్కి చూసింది. రేచన అరవాలనే అనుకున్నాడు గాని నటించవలసిన అవసరం కలగలేదు. వేలు నిజంగానే విరిగింది. విరిగిన వేలు చూసి డంకిణి నిరాశగా నిట్టూర్చి గడియ తీసింది.

లోపలి మంటపం అందం చూస్తే దుఃఖం కలుగుతుంది, అంత అందం అంత దుర్మార్గుడి చేతిలో ఉన్నందుకు. నీలమణులు తాపిన నూరు స్తంభాలు, స్తంభస్తంభానికీ రత్నదీపాల తోరణాలు, అద్దంలా మెరిసే స్ఫటికశిలల నేల, ఆ నేలలో తలకిందులుగా మరో మంటపం. పైకప్పు నుంచి ఇనుపగొలుసులకు వేలాడుతున్న మహాభేరి ఒకటి, కొట్టే చేతులు లేకుండా తనంతట తానే మోగుతోంది. దాని పక్కన బంగారుకొమ్మ మీద రాగి గోరువంక కూర్చుని ఒక పాట పాడుతోంది. తీయని పాట. విన్నవాళ్ళ తల తెలియకుండానే ఊగుతుంది.

ఆ పాటకు మధ్యలో కామసాని ఆడుతోంది. పెదవులు ఎండి పగిలిపోయాయి. పాదాల కింద స్ఫటికం ఎర్రబడింది. చిన్నప్పుడు తనను చంకనెత్తుకుని రేవంతా తిప్పిన అక్క అలా కళ్ళు తేలేసి తిరుగుతుంటే రేచనకు గుండె చెరువైంది. ఏడవడానికి వ్యవధి లేదు గనుక ఏడవలేదు.

చుట్టూ ఇరవై ఒక్కమంది విద్వాంసులు మద్దెలలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అందరూ రాళ్ళే.

ధూమకంఠుడు సింహాసనం దిగి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గొంతు దగ్గర ఎప్పుడూ పొగ చుట్టుకుని ఉండే మనిషి. అతిథిని ఎంతో మర్యాదగా ఆహ్వానించి, కూర్చోబెట్టి, షరతు చెప్పాడు. వచ్చిన విద్వాంసుడు ముక్తాయింపు వాయించాలి, అంటే ఒకే జతిని మూడుసార్లు వాయించి, ఆఖరిదెబ్బ తాళంలోని మొదటి అక్షరం మీద సరిగ్గా పడేలా ముగించాలి. ఆ మొదటి అక్షరాన్నే సమం అంటారు. విద్వాంసుడి ఆఖరిదెబ్బ, నర్తకి రెండుపాదాలు, భేరి సమం, అన్నీ ఒక్కసారి పడితే గజ్జెలు ఊడిపోతాయి. పడకపోతే వాయించినవాడు రాయి అవుతాడు. ఇంతవరకూ ఎవరికీ పడలేదని చెప్పి, వినయంగా తల వంచి, మళ్ళీ సింహాసనం ఎక్కాడు.

రేచన తన ముందు పెట్టిన మద్దెల అందుకుని వెంటనే వాయించలేదు. శ్రుతి సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ రాతిమనుషుల ముఖాలు చూశాడు. లెక్క తప్పినవాడి ముఖంలో తప్పానన్న బెదురు ఉండాలి. ఇరవై ఒక్క ముఖాల్లోనూ అలాంటిదేమీ లేదు. అందరి పెదవుల మీదా గెలిచానన్న చిరునవ్వే ఉంది. అంటే వీళ్ళెవరూ లెక్క తప్పలేదు, సమం అని అందరూ నమ్మిన చోటు సమం కాదు.

ఈ పాట ఎక్కడ మొదలవుతోంది? భేరి తొమ్మిది అక్షరాల సంకీర్ణం మోగిస్తోంది. కాని దెబ్బలన్నీ ఒకే బరువుతో పడుతున్నాయి, ఏది మొదటిదో తెలియనివ్వడం లేదు. తెలిసేదల్లా గోరువంక పాటే. పాట అందుకున్న చోటే సమం అనుకోవడం ఆస్థాన విద్వాంసులకు ఊపిరి పీల్చుకున్నంత సహజం. దానికి కారణం ఉంది. పూర్వం హేమకూటాన్ని ఏలిన ఒక రాజుకు పాట మొదలయ్యేచోట తల ఊపడం ఇష్టం. సమం ఒకచోట, పాట ఒకచోట ఉంటే ఎక్కడ ఊపాలో తెలియక కోపం వచ్చేది. అందుకని రాజ్యంలో ప్రతిపాటా సమం మీదే మొదలవ్వాలని శాసనం చేశాడు. చుట్టుపక్కల రాజులకు కూడా అది సుఖంగా తోచింది. తాళం ముందు మొదలై పాట తర్వాత అందుకునే పద్ధతిని అనాగతం అంటారనీ, అదొకటి ఉందనీ విద్వాంసులు గ్రంథాల్లో చదివి, గురువులకు అప్పజెప్పి, శుభ్రంగా మరిచిపోయేవారు.

దీవిలో శాసనం పనిచేయలేదు. పడవపాట సమం మీద మొదలు కాదు, మొదలవడం కుదరదు కూడా. తెడ్డు నీళ్ళలో పడ్డప్పుడు మనిషి బలమంతా చేతుల్లో ఉంటుంది, గొంతులోంచి మాట రాదు. తెడ్డు లాగి వదిలాక ఊపిరి వస్తుంది, ఆ ఊపిరిలో పాట వస్తుంది. దెబ్బ ముందు, పాట వెనక. రేచనకు తెలిసిన పాటలన్నీ అలాంటివే.

అందుకని అతను పాట వినడం మానేసి అక్క భుజాలు చూశాడు. పాట అందుకున్న చోట ఆమె పాదం పడుతోంది, ఆస్థానంలో నేర్చుకున్న చదువు అది. కాని దానికి సరిగ్గా రెండక్షరాల ముందు, తాళం ఒక చుట్టు తిరిగే ప్రతి ఆవృతంలోనూ, ఆమె భుజాలు ఎవరో తాడు కట్టి లాగినట్టు ఉలిక్కిపడుతున్నాయి. గజ్జెలు ఆమెను లాగేది అక్కడ. అసలు సమం అక్కడ.

ఇరవై ఒక్కమంది పండితులను రాళ్ళుగా మార్చింది రెండు అక్షరాల దూరం.

రేచన మద్దెల మీద చెయ్యి వేశాడు. తధిగిణతొం, ఐదక్షరాలు. రెండక్షరాలు ఆగాలి. మళ్ళీ తధిగిణతొం. మళ్ళీ రెండు ఆగాలి. మూడోసారి తధిగిణ అనేసరికి పద్దెనిమిది అక్షరాలు, అంటే రెండు ఆవృతాలు పూర్తవుతాయి. చివరి తొం సమం మీద పడుతుంది. చేతికి లెక్క కుదిరింది. కాని అది ఒక్క చెయ్యి పని కాదు. అక్క పాదాలు కూడా అక్కడే పడాలి, ఆమెకు చెప్పడమెలా? చెబితే వేషం బయటపడుతుంది. చెప్పకపోతే రాయి కాక తప్పదు.

మొదటి తధిగిణతొం వాయించాడు. రెండక్షరాల నిశ్శబ్దం. కామసాని తల తిప్పి చూసింది. ఎత్తుకున్న చోటు తప్పని ఆమె ముఖంలోనే కనిపించింది. తెలియని విద్వాంసుడు మరొకడు రాయి కాబోతున్నాడని జాలి కూడా కనిపించింది.

రెండో తధిగిణతొం. విరిగిన వేలు ప్రతిదెబ్బకూ ప్రాణం తోడేస్తోంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"అక్కా, పాట ఇనకు. తెడ్డు పడ్డ కాడ అడుగెయ్యి" అన్నాడు.

మంటపం అంతా ఆ గొంతు పాకింది. ధూమకంఠుడు చివాలున లేచాడు. కామసాని కళ్ళల్లోకి పదహారేళ్ళ వెనకటి రేవు వచ్చింది, తొమ్మిదేళ్ళప్పుడు పల్లకి ఎక్కించి ఆస్థానానికి తీసుకుపోయిన రోజు ఏడుస్తూ వదిలేసి వచ్చిన రేవు. తమ్ముణ్ణి గుర్తుపట్టింది. కాని గుర్తుపట్టడం వేరు, నమ్మడం వేరు. పదహారేళ్ళ గురుశిక్ష ఒకవైపు, పడవ నడిపే తమ్ముడి మాట ఒకవైపు. ఆలోచించడానికి రెండక్షరాలే ఉన్నాయి.

తధిగిణ.

తొం పడింది. భేరి సమం పడింది. కామసాని కుడిపాదం పడింది.

ఎడమపాదం పడలేదు. గాలిలో తటపటాయించి, రెండక్షరాలు ఆలస్యంగా, గోరువంక పాట అందుకున్న చోట, నేర్చిన పద్ధతిలో నిక్కచ్చిగా పడింది.

కుడికాలి గజ్జె తెగి మువ్వలు స్ఫటికం మీద చెల్లాచెదురయ్యాయి. అదే క్షణంలో రేచన ఎడమచేతి వేళ్ళ నుంచి మణికట్టు దాకా చల్లబడి, బరువెక్కి, రాయి అయింది. సగం గెలుపుకు సగం శిక్ష.

ధూమకంఠుడు ఏదో మంత్రం అందుకున్నాడు. రేచన అది పూర్తి కానివ్వలేదు. లేచిన ఊపులోనే రాతిచేత్తో గోరువంకను కొట్టాడు. పాట మధ్యలో తెగి, రాగిరెక్కలు నుజ్జయి కిందపడ్డాయి. పాట ఆగినా భేరి ఆగలేదు. అక్కను భుజాన వేసుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఎదురొచ్చిన కాపలాభూతాన్ని రాతిచేత్తోనే పక్కకు నెట్టి, ఏటివైపు తలుపు గడియ పగలగొట్టి మెట్లు దిగాడు. ఆమె కుడికాలు వాడిన తీగలా వేలాడుతోంది. ఎడమకాలు అతని పక్కటెముకల మీద తొమ్మిది అక్షరాల లెక్కన కొడుతూనే ఉంది.

మెట్ల కింద చేపలు తెచ్చేవాళ్ళ పడవ ఒకటి కట్టి ఉంది. రేచన తాడు పళ్ళతో లాగి విప్పి, పడవను ఏటి మధ్యకు నెట్టాడు. రాతిచేత్తో తెడ్డు పట్టుకోవడం కుదరలేదు. కామసాని తెడ్డు అందుకుంది. ఏడు రోజులు ఆడిన మనిషి ఎలా లాగిందో, ఆ దీవి రక్తానికే తెలియాలి.

కోట బురుజుల్లోంచి నల్లటిపొగ లేచింది. ధూమకంఠుడు పొగరూపం ధరించాడు. ఆ రూపంలో అతనికి కళ్ళుండవు, చెవులు మాత్రమే ఉంటాయి. ఆ సంగతి దీవిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, పొగమంచు దిగినరోజున పడవల్లో ఎవరూ పాడరు. పొగ ఏటి మీదికి వచ్చి, ఎటు పోవాలో తెలియనట్టు అటూ ఇటూ తిరిగింది. అప్పుడు కామసాని కాలు పడవపలక మీద పడింది. గజ్జె మోగింది. పొగ సరాసరి అటు తిరిగింది.

రేచన చిరిగిన శాలువా గజ్జెల్లో కుక్కాడు. కాలు పలక మీద కొట్టింది, చప్పుడైంది. కాలు ఒళ్ళోకి లాక్కుని గుండెకు అదుముకున్నాడు. అతని రొమ్మును కొట్టింది, గుడ్డలోంచే గజ్జె మోగింది. నీళ్ళలో ముంచి పట్టుకున్నాడు. నీళ్ళల్లో మరీ దూరం వినిపించింది. పొగ దగ్గరవుతోంది. పడమట సూర్యుడి కిందిఅంచు కొండను తాకింది.

కామసాని తెడ్డు వేయడం ఆపింది.

"తప్పు నాదే రేచా. నీ మాట నమ్మాను, ఈ కాలు నమ్మలేదు. పదహారేళ్ళు నేర్పిన కాలు" అంది.

ఆమె ఏడవడం లేదు. రేచనకు అందుకే భయం వేసింది. గజ్జె తెగేది కాదు, ముడి కనిపించదు, వెండి ఎముకలోకి దిగిపోయి ఉంది. తొలిచి చూశాడు, పళ్ళతో కొరికి చూశాడు. పొగ వాసన వాళ్ళ దాకా వచ్చింది.

పడవ అడుగున జాలరుల పెద్దకత్తి ఒకటి పడి ఉంది, పెద్దచేపల తలలు నరికేది. కామసాని దాన్ని తీసుకుని, చీర చెంగుతో తుడిచి, పిడి తమ్ముడి వైపు తిప్పి పట్టుకుంది.

"నాట్యం రెండు కాళ్ళతో నేర్చుకున్నాను గాని ఊపిరి పీల్చడానికి కాళ్ళక్కరలేదు. పొద్దు మునగకముందే కానివ్వు" అంది.

రేచన కుడిచెయ్యి కత్తి మీద పడింది. విరిగిన చిటికెనవేలు పిడి చుట్టూ ముడుచుకోలేదు. రాతిచేతిని ఆమె మడమ కింద దిమ్మలా పెట్టాడు. దాని మీద ఆమె కాలు, కత్తిని గాని, తమ్ముణ్ణి గాని, దగ్గరికి వచ్చేసిన పొగను గాని లక్ష్యపెట్టకుండా, తకధిమితకతకిట అని కొడుతూనే ఉంది.